చెప్పింది చెప్పినట్టు

డిసెంబర్ 3

ఇవాళ పెద్ద మేడమ్ గదికి పిలిపించింది. తిట్టడానికి కాదు. అదే వింత.

నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అందుకే తొమ్మిదో తరగతిలో నా పేరు గుండ్రాలు. "ముత్యాల్లాంటి అక్షరాలు రాసి సున్నాలు తెచ్చుకుంటుంది" అని లెక్కల మేడమ్ అన్నప్పటి నుంచి ఆ పేరుకి రెండో అర్థం కూడా వచ్చి చేరింది.

గదిలో ఫస్టక్క కూర్చుని ఉంది. మా ఆడపిల్లల స్కూల్లో ఫస్టక్క తెలియనివాళ్లు లేరు. ఎనిమిదో తరగతి దాకా ఏ పరీక్ష పెట్టినా తనే ఫస్టు. ఆ తర్వాత కంటి నరాలు ఎండిపోయే జబ్బు వచ్చింది. ఒక ఏడాది ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు పదో తరగతి. కిటికీలో వెలుతురు ఉందా లేదా అన్నంత వరకే తెలుస్తుందట. అంతకు మించి ఏమీ కనిపించదట.

"పరీక్షలో అక్క చెబుతుంది, నువ్వు రాస్తావు," అంది పెద్ద మేడమ్. "రాసేవాళ్లు కింది తరగతి వాళ్లే అయ్యుండాలని రూలు. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి. అక్క చెప్పింది చెప్పినట్టు రాయాలి. అడిగితే రాసింది తిరిగి చదివి వినిపించాలి. అంతే. ఇంకో మాట నోట్లోంచి రాకూడదు. తెలిసిందా?"

తల ఊపాను. ఊపితే అక్కకి ఎలా తెలుస్తుందని గుర్తొచ్చి, "తెలిసింది" అన్నాను.

అక్క ముఖం కిటికీ వైపే ఉంది. "నీకు లెక్కల్లో ఎన్నొస్తాయి?" అంది.

గొణుగుతూ చెప్పాను.

"మంచిదే. నాకు సలహాలివ్వవు."

ఇంటికొచ్చి చెబితే అమ్మ "పోన్లే, నీ చేతిరాతకైనా ఓ పని దొరికింది" అంది. నాయనమ్మ మాత్రం "ఆ పిల్ల దగ్గర నోరు జాగ్రత్త. నీ నోటికి హద్దూ పద్దూ లేదు" అంది.

డిసెంబర్ 10

నాయనమ్మ నాలిక మీద మచ్చ ఉందేమో చూడాలి.

అక్క వాళ్లిల్లు తాళాలు బాగుచేసే కొట్టు పైన. ఇంట్లో అక్కా, వాళ్ల నాన్నా ఇద్దరే. కింద ఆయన ఆకురాయితో తాళంచెవులు అరగదీస్తుంటాడు, పైన నేను పాఠం చదివి వినిపిస్తుంటాను. ఇవాళ ఒక్క పూటలో నా నోటి నుంచి ఊడిపడినవి: "చూద్దాంలే అక్కా." "ఆ పేజీ ఎక్కడా కనిపించట్లేదక్కా." "మా నాయనమ్మ కళ్లు కాయలు కాసేలా ఎదురు చూస్తుంటుంది, వెళ్తానక్కా." చివరికి, సైన్సు కంటే సోషల్ తేలికేనా అని అక్క అడిగితే, "గుడ్డికన్నా మెల్ల నయం కదక్కా" అనేశాను.

అనేసి అరచేత్తో నోరు మూసుకున్నాను. కింద ఆకురాయి చప్పుడు కూడా ఆగినట్టనిపించింది.

అక్క నవ్వింది. పగలబడి నవ్వింది. "కళ్లు లేకుండా మనకి ఒక్క మాటా లేదే పిల్లా. నేనూ గమనించాను. డాక్టరు కూడా మా నాన్నతో 'చూద్దాం, చూద్దాం' అనే అన్నాడు. ఏడాది పాటు చూశాడు."

తర్వాత నవ్వలేదు. "చదువు," అంది.

డిసెంబర్ 28

లెక్కలు అన్నింటికంటే కష్టం. తక్కిన పాఠాలు అక్కకి ఒకసారి వింటే చాలు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. లెక్క అలా కాదట. "బుర్రలో ఒక పలక పెట్టుకున్నాననుకో. నాలుగు వరుసలు పడతాయి. అయిదోది రాయాలంటే మొదటిది చెరిగిపోతుంది," అంది. అందుకే మధ్య మధ్యలో "చదువు" అంటుంది. రాసిందంతా మొదటి నుంచి చదువుతాను. అక్క పెదవులు కదుపుతూ పలక మీద మళ్లీ రాసుకుంటుంది.

ఒక లెక్క చెయ్యడానికి ఎంతసేపు పట్టిందంటే, కింద ఎవరో తాళం పోయిందని వచ్చి, కొత్త చెవి చేయించుకుని వెళ్లిపోయారు కూడా.

జనవరి 12

ఇవాళ ఫోటోలు తీశారు. బడి తెరిచే రోజున సన్మానసభ చేస్తారట. కష్టపడి చదివిన పిల్లలకి పట్టుదల బహుమతి. అందులో అక్కదే పెద్ద ఫోటో. బ్యానరు ముందే కొట్టించి గేటుకి కడితే కొత్తగా చేరేవాళ్లు చూస్తారని పెద్ద మేడమ్ ఆశ. ఆవిడని అనడానికి లేదు. కింది తరగతుల్లో సగం బల్లలు ఖాళీ.

ఫోటోగ్రాఫరు అక్కకి నల్లకళ్లద్దాలు పెట్టించాడు. "ఇటు చూడమ్మా, ఇటు," అన్నాడు. పెద్ద మేడమే వెళ్లి అక్క గడ్డం పట్టుకుని తిప్పింది.

బ్యానరు మీద రాయబోయేది కూడా చదివి వినిపించింది: చీకటిని గెలిచిన చదువు.

మెట్లు దిగేటప్పుడు అక్క నా భుజం పట్టుకుని, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇంకా పరీక్షే రాయలేదు," అంది.

జనవరి 31

నాకు లెక్కలు వస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు. అక్క కోసం చదివి చదివి, పదో తరగతి లెక్కలు తెలియకుండానే ఎక్కేశాయి. అక్క తప్పు చెబితే నాకు ముందే తెలిసిపోతోంది. రాసేస్తాను కానీ, తిరిగి చదివేటప్పుడు ఆ చోట గొంతు దానంతటదే మెల్లగా అయిపోతుంది. అక్క వెంటనే, "ఆగు, అది తప్పు" అని దిద్దుకుంటుంది.

కావాలని చెయ్యడం లేదు.

ఫిబ్రవరి 17

ఎదురింటి గోడ పడగొడుతున్నారు. దుమ్ము వస్తోందని అక్క వాళ్ల నాన్న కిటికీ రెక్కలు మూసేశాడు. గది చీకటిగా ఉంది. నేను లైటు వేసుకుని చదివాను.

అక్క ఎప్పటిలాగే కిటికీకి ముఖం పెట్టి కూర్చుంది. కాసేపటికి, "ఇవాళ ఎండ బాగా కాస్తోంది కదూ," అంది.

"అవునక్కా," అన్నాను.

బయట నిజంగానే కాస్తోంది. అబద్ధం కాదు.

ఫిబ్రవరి 18

ఇవాళ కూడా కిటికీ మూసే ఉంది.

ఫిబ్రవరి 26

అన్నం సయించడం లేదు. అమ్మ పరీక్షల బెంగ అనుకుంటోంది. పరీక్షలు దీనివి కావు కదా అంటుంది నాయనమ్మ.

ఆ వెలుతురు కూడా పోయిందని అక్క ఎవరికీ చెప్పినట్టు లేదు. వాళ్ల నాన్న ఇప్పటికీ పొద్దున్నే అక్క కుర్చీని కిటికీ వైపు జరిపి కిందికి వెళ్తాడు. నేను చెబితే బాగుండదు. చెప్పడానికి నేనెవర్ని? రాసేదాన్ని.

ఈ మధ్య గొంతు ఇంకా ఎక్కువగా ఆగుతోంది. ఒక్కోసారి తప్పు దగ్గర గుటక కూడా వేస్తున్నాను. అక్క దిద్దుకుంటుంది. మంచిదే కదా. లెక్కల మేడమ్ పెట్టిన పరీక్షలో అక్కకి అరవై దాటాయి. మేడమ్ అక్కని కౌగిలించుకుంది.

మార్చి 14

అసలు పరీక్ష ఎల్లుండి. లెక్కలు.

సాయంత్రం చివరిసారిగా ఒక లెక్క చేశాం. అక్క చెప్పింది, రాశాను. "చదువు," అంది. చదివాను. మూడో వరుస దగ్గర ఆగాను.

అక్క దిద్దుకోలేదు. "ఎందుకాగావు?" అంది.

"ఆగలేదే."

"ఆగావు. రోజూ ఆగుతున్నావు. నాకు కళ్లు పోయాయి, చెవులు పోలేదు."

"గొంతు పట్టేసిందక్కా."

"తప్పు దగ్గరే పట్టేస్తుందా? అయితే మొన్న వచ్చిన అరవై ఎవరివి? నావా, నీవా?" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నన్ను చూస్తే జాలేసిందా? నీ లెక్కలే నీకు రావు, నువ్వు నన్ను దిద్దుతున్నావా? నీకు చెయ్యి బాగుందని పిలిచారు. బుర్ర ఉందని కాదు."

నేను పుస్తకాలు సర్దుకున్నాను.

"పరీక్షలో ఆగావంటే అక్కడే లేచి పర్యవేక్షకురాలికి చెప్పేస్తాను," అంది. "చెప్పింది చెప్పినట్టు రాయి. రాసింది రాసినట్టు చదువు."

సరే అన్నాను.

మార్చి 16

మాకు వేరే గది ఇచ్చారు. అక్క, నేను, పర్యవేక్షకురాలు. ముగ్గురమే. ఆవిడ ఎవరో వేరే స్కూలు ఆవిడ. మంచిదే, మంచినీళ్లు కూడా తెచ్చిపెట్టింది.

ఒక పెద్ద లెక్కలో, సమానం గుర్తుకి అటువైపున్న మైనస్ ఆరుని ఇటు తేవాలి. ఇటు వస్తే ప్లస్ అవ్వాలి. అది చిన్న తరగతి పిల్లలకి కూడా తెలుసు. అక్క "మైనస్ ఆరు" అంది. అలసిపోయింది. నుదురంతా చెమట. పలక మీద నుంచి ఏదో చెరిగిపోయి ఉంటుంది.

మైనస్ ఆరు అని రాశాను.

ఆ తర్వాత వరుసలన్నీ దాని మీదే. చివరికి అక్కకే అనుమానం వచ్చింది. "మొత్తం చదువు," అంది.

చదివాను. వార్తలు చదివినట్టు చదివాను. ఎక్కడా ఆగలేదు.

అక్క తల కాస్త పక్కకి వంచి వింది. నా గొంతునే వింది. "ఇంకోసారి," అంది. ఇంకోసారి కూడా అలాగే చదివాను.

"సరే. తర్వాతది," అంది.

రూలు ప్రకారమే చేశాను. నాకు కోపం లేదు. కోపం ఉంటే అక్షరాలు వంకర పోయేవి. ఒక్కటి కూడా పోలేదు.

మార్చి 17

రూలు రూలే.

ఏప్రిల్ 5

బ్యానరు కట్టారు. గేటు మీద ఇంత పెద్దది. నల్లకళ్లద్దాల్లో అక్క నవ్వుతోంది. నవ్వమంటే నవ్వింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

పరీక్షలయ్యాక అక్క వాళ్లింటికి వెళ్లలేదు. రమ్మని ఎవరూ అనలేదు. వెళ్లకపోవడానికి వేరే కారణమేమీ లేదు.

మే 20

ఫలితాలొచ్చాయి. అక్క లెక్కల్లో తప్పింది. ముప్పై మూడు. ముప్పై అయిదొస్తే పాస్. తక్కిన అన్నింట్లో ఎనభై పైనే.

మే 21

లెక్కల మేడమ్ నిన్నంతా అక్కని కూర్చోబెట్టుకుని, ఏ ప్రశ్నకి ఏం చెప్పిందో అడిగి తెలుసుకుందట. మైనస్ ఆరు దగ్గర దొరికింది. అక్కకి ప్రతి ముక్కా గుర్తుంది మరి.

పెద్ద మేడమ్ పిలిపించింది. బల్ల మీద కాగితం పెట్టి, దాని మీద పెన్నుతో ఒక అడ్డగీత గీసింది. "ఇది మైనస్." దాని మీద నిలువుగీత గీసింది. "ఇది ప్లస్. ఒక్క గీత, అమ్మా. ఇంతే."

"అక్క మైనస్ అనే చెప్పింది మేడమ్."

"తెలుసు. నువ్వు తప్పు చేశావని నేననడం లేదు." ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "నేనే చెప్పాను చెప్పింది చెప్పినట్టు రాయమని. కానీ మనసనేది ఒకటుంటుంది కదమ్మా."

గది బయట బెంచీ మీద అక్క వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. పెద్దాయన, నా కోసం లేచి నిలబడ్డాడు. "నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా," అన్నాడు. ఆయన వేళ్ల నిండా ఇనుపరజను నల్లగా ఉంది. "పక్కనే ఉన్నావు," అని మళ్లీ అన్నాడు.

అమ్మకి ఎలా తెలిసిందో, నేను ఇంటికొచ్చేసరికే తెలుసు. "ఊళ్లో అందరూ నిన్నే అంటున్నారు," అంది.

"రూలమ్మా అది."

"రోజంతా టికెట్ల కౌంటర్లో కూర్చుంటాను. రూళ్లు నాకు చెప్పకు. పసిబిడ్డతో పరిగెత్తుకుంటూ వచ్చినావిడకి కౌంటరు మూసే వేళ దాటిపోయిందని టికెట్ ఇవ్వకుండా ఉంటానా?"

నాయనమ్మ మధ్యలోకి వచ్చి, "అది నీ కౌంటరు. ఇది ఇంకొకళ్ల పరీక్ష," అంది. అమ్మ పళ్లెం గట్టిగా పెట్టింది.

నాయనమ్మ నా పక్షాన మాట్లాడింది కదా, మరి నాకెందుకు ఏడుపొచ్చింది?

మే 29

నాకు కోపం లేదు. ఆ రోజు కూడా లేదు.

జూన్ 12

సన్మానసభ జరిగింది. ఆపలేరు కదా, అతిథిని పిలిచేశారు.

బ్యానరు అదే. అక్క ముఖం మీద, స్కూలు ఫస్టు వచ్చిన ఇంకో అక్క ఫోటో అంటించారు. అంటించిన కాగితం కొంచెం పొట్టిదైంది. పక్క నుంచి నల్లకళ్లద్దాల కొస ఒకటి పైకి కనిపిస్తోంది. చీకటిని గెలిచిన చదువు అన్న మాటల మీద తెల్లరంగు పూశారు. ఎండకి ఆ రంగు లోంచి అక్షరాలు మళ్లీ బయటపడుతున్నాయి.

నాకు బహుమతుల పళ్లెం పట్టుకునే పని ఇచ్చారు. అతిథి చాలాసేపు మాట్లాడాడు. పడిపోయినా లేవడమే గొప్ప అన్నాడు. వేదిక మీద ఉన్నవాళ్లలో పడిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పళ్లెం పట్టుకున్నాను కాబట్టి కొట్టలేదు.

జూన్ 15

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే అక్క. ఒక్కతే. చేతిలో కర్ర, మోకాలి దగ్గర బట్ట చిరిగి నెత్తురు కారుతోంది. ఇల్లు దాటి ఒక్కతే రావడం ఇదే మొదటిసారట.

"మీ వీధి మలుపులో ఎవడో సైకిలు అడ్డంగా పెట్టాడు," అంది. "వాడికి కళ్లు లేవా?"

నాయనమ్మ నీళ్లూ గుడ్డా తెచ్చి అక్కని కూర్చోబెట్టి మోకాలు కడిగింది. మంట పుడితే అక్క పళ్లు బిగించింది తప్ప అమ్మా అనలేదు.

"ఈ నెలాఖర్లో మళ్లీ పరీక్ష ఉంది. ఒక్క లెక్కలే రాయాలి," అంది. "నాన్న వేరే పిల్లని మాట్లాడాడు. తెలిసినవాళ్ల అమ్మాయి, బాగా చదువుతుందట. నేను నోరు తెరవకపోయినా పాసైపోతానట."

"మంచిదే కదక్కా."

"మంచీ చెడ్డా చెప్పమని రాలేదు. ఒకటి అడగడానికొచ్చాను. ఆ రోజు ఆ మైనస్ నువ్వు గమనించావా?"

"గమనించాను."

"రాసేటప్పుడా, చదివేటప్పుడా?"

"రెండుసార్లూ."

"మరి ఆగలేదేం?"

"నువ్వే ఆగొద్దన్నావు."

"నేను వద్దన్నానని ఆగలేదా? నా మీద కోపంతో ఆగలేదా?"

రూలు అని చెబుదామనుకున్నాను. ఇన్నాళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నది అదే. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నాయనమ్మ చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది.

"తెలీదక్కా," అన్నాను. "రాసేటప్పుడు రూలే. చదివేటప్పుడు... నువ్వు నా గొంతు కోసం వెతుకుతున్నావని తెలిసింది. వెతుక్కోనీ అనిపించింది. రెండోసారి అడిగినప్పుడు కూడా."

అక్క కర్రని నేలకి ఆనించి తిప్పుతూ కూర్చుంది. తర్వాత లేచింది.

"నేను దింపుతానక్కా."

"వచ్చినదాన్ని, పోలేనా?"

వెళ్లిపోయింది. నాయనమ్మ చెప్పులేసుకుని, అక్కకి అడుగుల చప్పుడు వినిపించనంత దూరంలో, వెనకాలే తాళాల కొట్టు దాకా వెళ్లొచ్చింది. వచ్చి, "ఇంకెక్కడా పడలేదు," అంది.

జూన్ 16

ఇప్పుడు రాస్తున్నాను. కోపం ఉంది. ఆ రోజు ఉంది.

జూన్ 22

అక్క వాళ్ల నాన్న కొట్టు మూసుకుని మా ఇంటికొచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నిన్నే రమ్మంటోందమ్మా," అన్నాడు. "నువ్వు పదిలోకొచ్చినా ఇంకా పాసవలేదు కాబట్టి రాయొచ్చని మీ పెద్ద మేడమ్ కనుక్కుంది. నాకే ఏం అర్థం కావడం లేదు. ఆ పిల్ల వద్దు, ఈ పిల్ల వద్దు. నువ్వంటే తనకి ఇష్టం లేదట. అందుకే నువ్వే కావాలట."

అమ్మ నా వైపు చూసింది. "మళ్లీ తప్పితే మళ్లీ నీ మీదకే వస్తుంది," అంది.

"రానీ," అన్నాను.

జూన్ 24

అక్క నాతో లెక్క తప్ప ఇంకేమీ మాట్లాడడం లేదు. చదువు, రాయి, మళ్లీ చదువు. నేనూ అంతే. గొంతు ఆగకుండా చదవడం నేర్చుకుంటున్నాను. అన్నింటికంటే కష్టమైన లెక్క అదే. తప్పు కళ్ల ముందు కనిపిస్తుంటే దాని మీద నుంచి నడిచిపోవాలి.

ఇవాళ ఒకే లెక్క బడి వదిలినప్పటి నుంచి చీకటి పడేదాకా చేసింది. చేసిన ప్రతిసారీ వేరే జవాబు వచ్చింది. ఒకసారి చేత్తో బల్ల మీద కొట్టింది. పెన్ను కింద పడి దొర్లిపోయింది. నేను వెతికి తెచ్చేలోపు, "రాసుకో, మొదటి నుంచి," అంది.

అక్క కుర్చీ ఇప్పుడు కిటికీ వైపు లేదు. వాళ్ల నాన్నకి ఆ వెలుతురు సంగతి చెప్పేసినట్టుంది. కింద కొట్లో ఆయన రోజూ మోగించే రేడియో ఇప్పుడు మోగడం లేదు.

జూన్ 28

పరీక్ష.

పర్యవేక్షకురాలు మరొకావిడ. నేను నోరు తెరిచినప్పుడల్లా కాగితంలోకి తొంగి చూసింది.

అక్క మెల్లగా చెప్పింది. రెండు వరుసలకోసారి చదివించుకుంది. ఒకచోట తప్పు చెప్పింది. నేను నడిచిపోయాను. అక్క మళ్లీ చదవమంది, మళ్లీ నడిచిపోయాను. మూడోసారి చదువుతుంటే, "ఉండు. ఏడు కాదు, తొమ్మిది. కొట్టేసి రాయి," అంది. తనే పట్టుకుంది. నా గొంతులో ఏమీ దొరకలేదు కాబట్టి తన బుర్రలోనే వెతుక్కుంది. తొమ్మిది గుండ్రంగా రాలేదు.

చివర్లో ఒక పెద్ద ప్రశ్న మిగిలింది. చదివాను. అక్క విని, మళ్లీ చదివించుకుని, ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది.

"రాదు. వదిలెయ్," అంది.

నాకొచ్చు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా, గీత గీసి ఇచ్చినట్టు కళ్ల ముందు కనిపిస్తోంది. పెన్ను కాగితానికి ఇంత దూరంలో పట్టుకుని ఉన్నాను.

"వదిలేశావా?" అంది.

"వదిలేశానక్కా."

"సరే, మూసెయ్."

ఇవాళ కోపం లేదు. ఇవాళే ఎక్కువ కష్టంగా ఉంది.

జూలై 8

నాయనమ్మకి జ్వరం. ఫలితాలెప్పుడని జ్వరంలో కూడా అడుగుతోంది.

జూలై 19

ముప్పై ఎనిమిది.

పాస్.

జూలై 21

పొద్దున్న ప్రార్థన అయ్యాక పెద్ద మేడమ్ అక్కని వేదిక మీదకి పిలిచింది. సన్మానం చేస్తామంటే అక్క వద్దందట. రెండు మాటలు మాట్లాడతానని మాత్రం ఒప్పుకుందట. బ్యానరు లేదు, అతిథి లేడు. మా పిల్లలమూ, టీచర్లూ, గోడ పక్కన అక్క వాళ్ల నాన్నా. చేతులు కడుక్కుని వచ్చినట్టున్నాడు, అయినా నలుపు పోలేదు.

పెద్ద మేడమ్ మైకు ముందు, "చీకటిని గెలిచి..." అని మొదలుపెట్టి, ఏమనుకుందో ఆపేసి, అక్క చేతికి మైకు ఇచ్చేసింది.

అక్క మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది. మొదటి మాట అందరి చెవుల్లో గీసుకుపోయింది.

"ముప్పై ఎనిమిది," అంది. "ఎనిమిదో తరగతి దాకా నాకెప్పుడూ తొంభైకి తగ్గలేదు. అప్పుడు మీరంతా చప్పట్లు కొట్టేవాళ్లు. ఇప్పుడు ముప్పై ఎనిమిది. అదీ ఒకసారి తప్పాక వచ్చాయి."



"చీకటిని నేనేం గెలవలేదు. అది ఎక్కడిదక్కడే ఉంది. లెక్కలు చేశాను, అంతే. ఆ తొంభైలు నాకు ఊరికే వచ్చాయి. ఈ ముప్పై ఎనిమిదికి మాత్రం..." ఆగింది. పదం దొరకలేదో, వద్దనుకుందో. "ముప్పై ఎనిమిదీ నావే. రాసిన పిల్ల ఒక్క మార్కు కూడా కలపలేదు. రాయి లాంటి పిల్ల."

ముందు ఆరో తరగతి వాళ్లు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నా పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచింది. నా ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. ఆ నవ్వులోంచే చప్పట్లు మొదలయ్యాయి. లెక్కల మేడమ్ గట్టిగా కొట్టింది. అక్క వాళ్ల నాన్న మాత్రం కొట్టకుండా, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. నేను కొట్టాను. ఈసారి చేతిలో పళ్లెం లేదు.

అందరూ తరగతులకి వెళ్లిపోయాక, కుళాయిల దగ్గర అక్క ఒక్కతే నిలబడి ఉంది. నీళ్లు వదిలి ఉన్నాయి. ముఖం కడుక్కుంటోందనుకుని వెళ్లాను. కడుక్కోవడం లేదు. కుళాయి పట్టుకుని ఏడుస్తోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు బయటికి రాకుండా నీళ్లు వదిలింది.

నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టింది. "ముప్పై ఎనిమిదేంటే, గుండ్రాలూ," అంది. "నాకు ముప్పై ఎనిమిదేంటి?"

పక్కన నిలబడ్డాను. మొదటి పీరియడ్ గంట కొట్టింది. నేనిప్పుడు పదో తరగతి, మొదటిదే లెక్కల పీరియడ్. నేను కదల్లేదు.

కాసేపటికి అక్క అరచేత్తో ముక్కు తుడుచుకుని, "నన్నే చూస్తున్నావా?" అంది.

"లేదక్కా," అన్నాను.

చూస్తూనే ఉన్నాను.